దోశ మాస్టర్‌ని కెనడాకు పిలిపించుకోవాలంటే: ఎల్ఎంఐఏ గురించి వివరంగా

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మిస్సిసాగాలో మీకు టిఫిన్ హోటల్ ఉంది, కొన్నేళ్ళుగా బాగానే నడుస్తోంది. పెనం దగ్గర నిలబడగలిగిన చేయి తిరిగిన మనిషి ఇక్కడ దొరకడం లేదు. గుంటూరులో మీకు తెలిసిన మాస్టర్ ఒకాయన రావడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన్ని పనిలో పెట్టుకోవడానికి ప్రభుత్వ అనుమతి (ఎల్ఎంఐఏ అంటే అదే: ఈ పనికి ఇక్కడివాళ్ళు దొరకలేదు, బయటి మనిషిని పెట్టుకోవచ్చు అని యజమానికి ఇచ్చే ఉత్తరం) ఎలా తెచ్చుకోవాలన్నది మొదటి ప్రశ్న. విజయవాడలో ఒక ఏజెంటు "ఎల్ఎంఐఏ పని నేను చూసుకుంటా, ఖర్చు మాస్టర్ దగ్గరే తీసుకుందాం, ఇరవై లక్షలు" అంటున్నాడు, అది సబబేనా అన్నది రెండోది. నార్త్ బేలో మీరు పెట్టబోయే రెండో హోటల్లో కూడా ఆయన చేత పని చేయించుకోవచ్చా అన్నది మూడోది.

నేను ఒంటారియోలో లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. యజమానుల తరఫున ఎల్ఎంఐఏ దరఖాస్తులు చేయడమే నా పనిలో ఎక్కువ భాగం.

ఏజెంటు సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. ఆ బేరం అక్కడితో ఆపేయండి. ఎల్ఎంఐఏ ఫీజు ఒక్కో ఉద్యోగానికి 1,000 డాలర్లు. అది యజమానే కట్టాలి. పనికి వచ్చేవాళ్ళ దగ్గర ఏ పేరుతోనూ, ఏ రూపంలోనూ తిరిగి రాబట్టుకోకూడదు. జీతంలో కోసుకోవడం కూడా అందులోకే వస్తుంది. మనిషిని వెతికిపెట్టినందుకు ఏజెంటుకు ఏమైనా ఇవ్వాల్సి వస్తే అదీ మీ జేబులోంచే. 2022 సెప్టెంబరులో ఫెడరల్ నిబంధనలను ఇంకా బిగించారు. మీరు తీసుకోకపోతే సరిపోదు, మీ తరఫున మనిషిని చూసిపెట్టినవాళ్ళు కూడా తీసుకోకుండా చూసే బాధ్యత మీదే. అంటే విజయవాడలో చేతులు మారిన డబ్బుకు మిస్సిసాగాలో మీరు జవాబు చెప్పాలి. దీనికి తోడు ఒంటారియోలో 2009 నాటి విదేశీ ఉద్యోగుల రక్షణ చట్టం ఉంది. దాని ప్రకారం ఫీజులు తీసుకోకూడదు, ఆయన పాస్‌పోర్టు "జాగ్రత్త కోసం" కూడా మీ దగ్గర పెట్టుకోకూడదు.

చట్టం సరే, మనిషి సంగతి కూడా ఆలోచించండి. గుంటూరులో హోటల్లో పనిచేసే మనిషి ఇరవై లక్షలు ఎక్కడినుంచి తెస్తాడు? ఉన్న అర ఎకరం తాకట్టు పెడతాడు, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఆ అప్పు నెత్తిమీద ఉన్నవాడు ఇక్కడ గంటలు ఎక్కువైనా, జీతం తగ్గినా నోరు విప్పడు. ఆయన వర్క్ పర్మిట్ మీద మీ సంస్థ పేరే ఉంటుంది కాబట్టి పక్క హోటల్‌కు వెళ్ళిపోవడం అంత తేలిక కాదు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టొమోయా ఒబొకాటా 2023లో కెనడా వచ్చి చూసి, మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో ఎల్ఎంఐఏ మీద మనుషులను తెచ్చుకునే ఈ తాత్కాలిక విదేశీ ఉద్యోగుల పథకం ఆధునిక బానిసత్వానికి తావిస్తోందని రాశారు. అంత మాట ఎందుకు అన్నారో, పనివాళ్ళ వైపు కేసులు కూడా చూసేవాళ్ళకు బాగా తెలుసు. మీరు మంచి యజమానే కావచ్చు. అప్పుతో వచ్చిన మనిషి మీ దగ్గర కూడా నిజం చెప్పే స్థితిలో ఉండడు.

ఇప్పుడు అసలు అనుమతి గురించి. ఎల్ఎంఐఏ వచ్చేది మీ పేరు మీద, మీ హోటల్ పేరు మీద. మాస్టర్ ఎంత గొప్పగా దోశ వేస్తాడన్నది ఆ దశలో దాదాపుగా ఎవరికీ పట్టదు. ఉపాధి, సామాజికాభివృద్ధి శాఖ తరఫున సర్వీస్ కెనడా అధికారి చూసేది వేరు. ఈ పనికి కెనడా పౌరులు గానీ, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్ళు గానీ ఎందుకు దొరకలేదు? మీరు నిజంగా వెతికారా? మీ వ్యాపారం నిజమైనదేనా, ఈ జీతం ఇచ్చే స్తోమత ఉందా? బయటి మనిషి వస్తే ఇక్కడివాళ్ళ జీతాలకు, ఉద్యోగాలకు దెబ్బ తగులుతుందా? వీటికి సంతృప్తికరమైన జవాబు దొరికితే అనుకూలంగా ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరం పట్టుకుని మాస్టర్ ఇమ్మిగ్రేషన్ శాఖకు వర్క్ పర్మిట్ దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి. రెండు శాఖలు, రెండు దరఖాస్తులు. మొదటిది వచ్చినా రెండోది తిరస్కరించవచ్చు.

అమెరికా హెచ్1బీ గురించి విని ఉన్నవాళ్ళు దీన్ని కూడా అలాంటిదే అనుకుంటారు. అక్కడ మామూలు కంపెనీ కార్మిక శాఖకు ఎల్‌సీఏ అనే హామీపత్రం ఇస్తుంది: ఫలానా జీతం ఇస్తాను, ఇక్కడివాళ్ళకు నష్టం చేయను అని. ముందుగా అమెరికన్ల కోసం ప్రకటన వేసి వెతికానని నిరూపించే పని చాలా కంపెనీలకు ఉండదు. అసలు గండం లాటరీ. ఇక్కడ లాటరీ లేదు గానీ, వెతికిన రుజువు చూపించకుండా అడుగు ముందుకు పడదు.

కెనడాలో ఈ విదేశీ ఉద్యోగుల పథకం 1973 నుంచి ఉంది. హోటళ్ళ మీద ప్రత్యేకంగా అనుమానం ఎందుకంటే, 2014లో ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళు ఇక్కడివాళ్ళను పక్కన పెట్టి బయటివాళ్ళను తెచ్చుకుంటున్నాయని పెద్ద గొడవైంది. ఆ ఏప్రిల్‌లో హోటల్ రంగానికి ఈ పథకాన్ని కొన్నాళ్ళు పూర్తిగా ఆపేశారు. జూన్‌లో నిబంధనలన్నీ మార్చి, అప్పటిదాకా ఎల్ఎంఓ అని పిలిచే అనుమతిని ఎల్ఎంఐఏ చేసి, ఫీజు 275 నుంచి 1,000 డాలర్లకు పెంచారు. ఆ జ్ఞాపకం శాఖలో ఇంకా ఉంది. హోటల్ దరఖాస్తు అనగానే అధికారి ఒకటికి రెండుసార్లు చూస్తారని అనుకునే మొదలుపెట్టండి.

మీ విషయంలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది జీతం. ఎల్ఎంఐఏలో రెండు దారులున్నాయి: ఎక్కువ జీతం దారి, తక్కువ జీతం దారి. ఏది మీదన్నది ప్రతి ప్రావిన్సుకూ పెట్టిన ఒక గీత తేలుస్తుంది. 2024 నవంబరు 8 నుంచి ఆ గీతను ప్రావిన్సు మధ్యస్థ వేతనం మీద మరో 20 శాతం పైకి జరిపారు. 2025 జూన్ 27 నుంచి ఒంటారియోలో ఆ గీత గంటకు 36 డాలర్లు. అంతకన్నా తక్కువ ఇస్తే మీది తక్కువ జీతం దారి. మామూలు కుక్‌లకు ఇక్కడ గంటకు 20 డాలర్లలోపే నడుస్తోందని మీకు తెలుసు.

తక్కువ జీతం దారికి మీ దగ్గర తలుపు మూసేశారు. 2024 సెప్టెంబరు 26 నుంచి, నిరుద్యోగం 6 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న పెద్ద నగర ప్రాంతాల్లో తక్కువ జీతం దరఖాస్తులను అసలు పరిశీలించడం లేదు. వ్యవసాయం, నిర్మాణం, ఆహార తయారీ పరిశ్రమలు, ఆసుపత్రుల వంటివాటికి మినహాయింపు ఉంది. హోటళ్ళకు లేదు. మిస్సిసాగా, బ్రాంప్టన్ రెండూ టొరంటో నగర ప్రాంతం కిందికే వస్తాయి. అక్కడ నిరుద్యోగం ఈ నిబంధన వచ్చినప్పటి నుంచీ 6 శాతం పైనే ఉంది. జాబితాను మూడు నెలలకోసారి సవరిస్తారు, కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఆ వారం ఉన్న జాబితా చూసుకోవాల్సిందే. దగ్గర్లో టొరంటో పేరు అందులోంచి పోతుందని ఆశ పెట్టుకుని మాత్రం మాస్టర్‌కి మాట ఇవ్వకండి.

మరి ఏం చేయాలి? మీ విషయంలో నాకు కనిపించే దారులు మూడు, ఏదీ సులువైనది కాదు.

మొదటిది, నిజంగానే గంటకు 36 డాలర్లు లేదా ఆపైన ఇవ్వడం. వారానికి 40 గంటల లెక్కన ఏడాదికి దాదాపు 75 వేల డాలర్లు అవుతుంది. మీ హోటల్ లాభనష్టాల లెక్క ఆ జీతం మోయగలదా అన్నది మీ అకౌంటెంటు చెప్పాలి. కాగితం మీద 36 రాసి, బ్యాంకులో వేసి, సగం చేతికి తిరిగి తీసుకునే పద్ధతి ఈ ఊళ్ళో చాలామంది చెవిలో వేస్తారు. అది మోసం. పట్టుబడితే హోటల్‌తో పాటు మాస్టర్ భవిష్యత్తు కూడా పోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలినవాళ్ళకు కెనడాలో ఐదేళ్ళు ప్రవేశం ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. అంత జీతం చూపిస్తే, మీ హోటల్లో ఇప్పుడున్న వంటవాళ్ళకు 19 ఇస్తూ ఈయనకు 36 ఎందుకని అధికారి అడుగుతారు. నిజమైన కారణం ఉంటేనే ఈ దారి పట్టండి: ఈయన వంటగది మొత్తాన్ని నడుపుతారు, మెనూ నిర్ణయిస్తారు, మరో ఇద్దరికి నేర్పుతారు అనేవి నిజమైతే అది కుక్ ఉద్యోగం నుంచి షెఫ్ ఉద్యోగంలోకి వస్తుంది. వృత్తుల జాబితాలో కుక్ సంఖ్య 63200, షెఫ్ సంఖ్య 62200. పది కుర్చీల హోటల్‌కు షెఫ్ ఎందుకని అడిగితే చెప్పుకోలేని పరిస్థితిలో షెఫ్ అని రాయకండి.

రెండోది నార్త్ బే. అది పెద్ద నగర ప్రాంతాల లెక్కలోకి రాదు కాబట్టి 6 శాతం నిబంధన అక్కడ అడ్డురాదు. అక్కడ నిజంగా హోటల్ తెరిచి, అది నడుస్తూ ఉంటే, అక్కడి ఉద్యోగానికి తక్కువ జీతం దారిలో దరఖాస్తు పెట్టవచ్చు. కానీ ఆ దారిలో బరువులు వేరే. తక్కువ జీతం మీద వచ్చినవాళ్ళు ఆ చోట మీ సిబ్బందిలో మామూలుగా 10 శాతం మించకూడదు. అనుమతి ఒక ఏడాదికే. రానుపోను ప్రయాణ ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఆయనకు తగిన ఇల్లు అందుబాటు అద్దెలో దొరికేలా చూడాలి. ప్రభుత్వ ఆరోగ్య బీమా మొదలయ్యేదాకా ప్రైవేటు బీమా మీరే కట్టాలి. ఇంకా తెరవని హోటల్ పేరు మీద పెడితే మీది నడుస్తున్న వ్యాపారమేనని చూపించడం చాలా కష్టం.

మూడోది, నేను మీ స్థానంలో ఉంటే ముందు ప్రయత్నించేది: కెనడాలోనే ఉన్నవాళ్ళు. కాలేజీ చదువు పూర్తి చేసి వర్క్ పర్మిట్ మీద ఉన్న మన పిల్లలు, ఓపెన్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పని చేసుకోగల పర్మిట్) ఉన్న భార్యాభర్తలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. వాళ్ళను పెట్టుకోవడానికి ఎల్ఎంఐఏ అక్కర్లేదు, ఫీజు లేదు, నెలల తరబడి ఎదురుచూపు లేదు. పిండి పట్టడం, అట్టు తిప్పడం వచ్చిన గృహిణులకు సరైన జీతం, సరైన వేళలు ఇస్తే ఆరు నెలల్లో పెనం మీద చేయి తిరుగుతుంది. "మాస్టర్ లేకపోతే నడవదు" అన్న యజమానులు ఇలా నడుపుకోవడం నేను చూశాను.

ఎల్ఎంఐఏ లేకుండా ఇంకో దారి ఉందని, అదే కంపెనీ బదిలీ అని కొందరు ఏజెంట్లు అమ్ముతున్నారు. ఇండియాలో మీ పేరుతో ఒక కంపెనీ పెట్టి, మాస్టర్‌ని అందులో ఉద్యోగిగా చూపించి ఇక్కడికి బదిలీ చేయడమట. ఆ దారి ఉన్నది పెద్ద స్థాయి మేనేజర్లకు, ఆ కంపెనీకే ప్రత్యేకమైన నైపుణ్యం ఉన్నవాళ్ళకు. వంటవాళ్ళ కోసం కాదు.

ఎక్కువ జీతం దారిలోనే వెళ్తామని నిర్ణయించుకున్నారనుకుందాం. పని ప్రకటనతో మొదలవుతుంది. ముందుగా జాబ్ బ్యాంక్‌లో, అంటే ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల వెబ్‌సైట్‌లో, యజమాని ఖాతా తెరవండి. పన్నుల శాఖ అయిన రెవెన్యూ ఏజెన్సీ ఇచ్చిన బిజినెస్ నంబరు కావాలి. మీ వివరాలు సరిచూసి ఖాతాను ఆమోదించడానికి కొంత సమయం పడుతుంది, కాబట్టి ఈ పని ముందే చేసుకోండి. తర్వాత దరఖాస్తు పెట్టే ఎల్ఎంఐఏ ఆన్‌లైన్ పోర్టల్‌లోకి వెళ్ళేది కూడా ఈ ఖాతాతోనే.

2025 నాటి నిబంధన ప్రకారం జాబ్ బ్యాంక్‌తో పాటు మరో రెండు చోట్ల ప్రకటన ఉండాలి, ఎక్కువ జీతం ఉద్యోగాలకు అందులో ఒకటి దేశమంతటా చూసేదై ఉండాలి. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లోపు, కనీసం నాలుగు వారాల పాటు ప్రకటన నడవాలి. గుడి నోటీసు బోర్డు మీద, తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీ ఈ లెక్కలోకి రావు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. ప్రకటన మొదలుపెట్టే రోజున శాఖ పేజీ చదివి, దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. రేపు ఏ నిబంధన ప్రకారం చేశారో చూపించడానికి పనికొస్తుంది.

ప్రకటన రాసే తీరులోనే చాలా దరఖాస్తులు పోతాయి. హోటల్ పేరు, చిరునామా, ఉద్యోగం పేరు, చేయాల్సిన పనులు, జీతం, వారానికి గంటలు, సెలవులు, సంప్రదించాల్సిన ఈమెయిల్ అన్నీ ఉండాలి. జీతం "అనుభవాన్ని బట్టి" అని రాస్తే కుదరదు, అంకె ఉండాలి. ఆ అంకె మీ ప్రాంతంలో ఆ వృత్తికి జాబ్ బ్యాంక్ చూపే మధ్యస్థ వేతనం కన్నా తగ్గకూడదు, మీరు అదే పనికి మీ వాళ్ళకు ఇస్తున్న దానికన్నా కూడా తగ్గకూడదు. అర్హతలు పని కోసం రాయాలి, మనసులో ఉన్న మనిషి కోసం రాయకూడదు. "దోశ పెనం మీద పదేళ్ళ అనుభవం, పెసరట్టు ఉప్మా తప్పనిసరి" అని రాస్తే ప్రకటన ఎవరి కోసం రాశారో అధికారికి ఇట్టే తెలిసిపోతుంది. "దక్షిణ భారత వంటల్లో రెండు మూడేళ్ళ అనుభవం, రోజూ మినప్పిండి, పెసరపిండి సిద్ధం చేయడం, సరుకుల లెక్క చూడడం, సహాయకులకు పని నేర్పడం" అంటే అది ఉద్యోగం. "తెలుగు మాట్లాడాలి" అనే షరతు పెట్టకండి. ఇంగ్లీషు, ఫ్రెంచి తప్ప వేరే భాషను తప్పనిసరి చేస్తే, ఆ భాష లేకుండా పని అసలు జరగదని మీరు నిరూపించాలి. వంటగదిలో ఇద్దరు తెలుగువాళ్ళు ఉన్నారన్నది అందుకు చాలదు.

ప్రకటన పెట్టగానే దరఖాస్తులు వస్తాయి. కొన్నిసార్లు వందల్లో వస్తాయి. జాబ్ బ్యాంక్ తనంతట తాను మీ ఉద్యోగానికి సరిపోయే అభ్యర్థులను నక్షత్రాలు ఇచ్చి చూపిస్తుంది. తగినన్ని నక్షత్రాలు వచ్చినవాళ్ళను దరఖాస్తు చేయమని మీరే పిలవాలి. చాలామంది యజమానులు ఈ బటన్ నొక్కడమే మర్చిపోతారు, అధికారి మొదట చూసేవాటిలో అదొకటి.

ఇక్కడ ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఎవరు, ఏ తేదీన దరఖాస్తు చేశారు, పీఆర్ లేక పౌరసత్వం ఉందా, మీరు ఎప్పుడు ఫోన్ చేశారు, ఎత్తారా, ఇంటర్వ్యూకి వచ్చారా, పెనం దగ్గర నిలబెట్టి చూశారా, ఎందుకు వద్దనుకున్నారు. ప్రతి వరుసలో కారణం ఆ మనిషికి సంబంధించిందై ఉండాలి. ఇరవై మందికి "అనుభవం సరిపోలేదు" అని ఒకే మాట దించేస్తే ఎవరూ నమ్మరు. "ఇటాలియన్ హోటల్లో నాలుగేళ్ళు చేశారు, పులిసిన పిండితో ఎప్పుడూ పని చేయలేదు, నేర్చుకోవడానికి ఇష్టపడ్డారు కానీ శని ఆదివారాలు రాలేనన్నారు" అంటే నిజమైన ఇంటర్వ్యూ జరిగిందని తెలుస్తుంది. ఇంకో మాట, మనస్ఫూర్తిగా చెప్తున్నాను: ఈ నాలుగు వారాల్లో పనికి సరిపోయే మనిషి దొరికితే ఆయన్నే పెట్టుకోండి. గుంటూరు మాస్టర్‌కి మాట ఇచ్చేశామని, వచ్చినవాళ్ళను ఏదో ఒక సాకు చెప్పి పంపేయడం ఆ వచ్చినవాళ్ళకు అన్యాయం. అందుకే మాస్టర్‌కి ఇంకా మాట ఇవ్వొద్దన్నాను.

కాగితాలు: వ్యాపార లైసెన్సు, కార్పొరేట్ పన్ను రిటర్నులు, హెచ్ఎస్‌టీ (అమ్మకపు పన్ను) రిటర్నులు, సిబ్బందికి ఇచ్చిన టీ4ల (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే పత్రాల) సారాంశం, జీతాల నుంచి కోసి కట్టిన పన్ను రసీదులు, కార్మిక బీమా బోర్డు నుంచి క్లియరెన్స్. 2024 అక్టోబరు 28కి ముందు అకౌంటెంటు గానీ లాయరు గానీ "ఈ వ్యాపారం నిజమైనదే" అని ఉత్తరం ఇస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ ఉత్తరం చెల్లదు. మీ వంటవాళ్ళలో ఎవరికైనా నగదు జీతం ఇస్తూ పుస్తకాల్లో చూపించకపోతే, ముందు అది సరిచేసుకోండి. సిబ్బంది నలుగురని టీ4 చెప్తుంటే, షిఫ్టుల చార్టులో ఎనిమిది పేర్లుంటే ఆ దరఖాస్తు నిలబడదు. ఎక్కువ జీతం దారిలో పరివర్తన ప్రణాళిక ఒకటి రాయాలి. రాబోయే రోజుల్లో ఈ ఉద్యోగాన్ని ఇక్కడివాళ్ళతో ఎలా నింపుతారో అందులో చెప్పాలి. అందులో రాసింది చేశారా అని తర్వాత అడుగుతారు. కాబట్టి చేయగలిగిందే రాయండి. దగ్గర్లోని కాలేజీ వంట కోర్సు పిల్లలకు శిక్షణ ఇస్తాం అంటే నిజంగా ఆ కాలేజీకి ఫోన్ చేసి మాట్లాడండి.

దరఖాస్తు పెట్టాక కొన్ని వారాలకో, నెలలకో ఒకరోజు ఫోన్ వస్తుంది. ఎక్కువగా మధ్యాహ్నం రద్దీ వేళే వస్తుందని నా క్లయింట్లు అంటుంటారు. "ఇప్పుడు మాట్లాడవచ్చా?" అని అడుగుతారు. పొయ్యిల చప్పుడులో నిలబడి సరే అనకండి. మర్యాదగా వేరే సమయం అడిగితే ఇస్తారు. అడిగే ప్రశ్నలు చిన్నవే: ఈ ఉద్యోగం కొత్తదా, ఎవరైనా మానేస్తే ఖాళీ అయిందా? ఇప్పటిదాకా ఈ పని ఎవరు చేస్తున్నారు? ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని పిలిచారు? ఈ మనిషిని ఎలా తెలుసు, బంధువా? ఈ జీతం ఎలా నిర్ణయించారు? మీరు రాసింది, మీరు చెప్పింది ఒకటేనా అన్నదే అక్కడ పరీక్ష. కన్సల్టెంటు రాసిన దరఖాస్తును ఒక్కసారైనా పూర్తిగా చదవని యజమాని ఈ ఫోన్‌లోనే దొరికిపోతాడు. మాస్టర్ మీకు దూరపు బంధువైతే దాచకండి. బంధువైనంత మాత్రాన కాదనరు. దాచారని తెలిస్తే మాత్రం తప్పకుండా కాదంటారు.

తిరస్కరిస్తే ఫీజు తిరిగి రాదు. లోపం సరిచేసుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టవచ్చు, లేదా నిర్ణయమే తప్పనుకుంటే ఫెడరల్ కోర్టుకు వెళ్ళవచ్చు. అనుకూలంగా వస్తే ఆ ఉత్తరం గడువు ఇప్పుడు ఆరు నెలలే, 2024 మే 1కి ముందు ఏడాది ఉండేది. ఆ ఆరు నెలల్లోపు మాస్టర్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి.

అక్కడ మాస్టర్ వైపు కష్టం మొదలవుతుంది. పర్మిట్ ఫీజు 155 డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలు హైదరాబాద్‌లోనే ఇవ్వవచ్చు. మెడికల్, పోలీసు క్లియరెన్స్ మామూలే. అసలు ఇబ్బంది అనుభవం రుజువు. మన దగ్గర చాలా హోటళ్ళలో మాస్టర్లకు జీతం చేతికిస్తారు. పదిహేనేళ్ళు పని చేసినా ఒక్క కాగితం ఉండదు. యజమాని తెల్లకాగితం మీద రాసిచ్చిన సర్టిఫికెట్‌ను వీసా అధికారి నమ్మరు. ఇవాళే ఆయనతో చెప్పండి: జీతం బ్యాంకులో వేయించుకోమనండి, పీఎఫ్ లేదా ఈఎస్ఐ నంబరు ఉంటే వెతికి పెట్టుకోమనండి, హోటల్ జీఎస్‌టీ నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద తేదీలతో, పనుల వివరాలతో సర్టిఫికెట్ తీసుకోమనండి. పనికి సరిపడా ఇంగ్లీషు కూడా చూపించాల్సి రావచ్చు. ఇవన్నీ ఆయన మీ ఎల్ఎంఐఏ కోసం ఆగకుండా ఇప్పటినుంచే చేసుకోవచ్చు. మధ్యలో ఎవరైనా ఏజెంటు తగిలితే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాడి పేరు ఉందో లేదో చూసుకోమనండి.

ఆయనకు ముందే చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. భార్యను వెంట తెచ్చుకుంటే ఆమెకు ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తుందని ఏజెంట్లు చెప్తారు. 2025 జనవరి 21 నుంచి ఆ వెసులుబాటును కొన్ని వృత్తులకే పరిమితం చేశారు, కుక్‌లు అందులో లేరు. అలాగే ఎల్ఎంఐఏ ఉంటే పీఆర్‌కు 50 పాయింట్లు ఖాయం అన్న మాట కూడా పాతబడింది. 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లను బట్టి పీఆర్ ఇచ్చే పద్ధతిలో) జాబ్ ఆఫర్ పాయింట్లు తీసేశారు. ఆ పాయింట్ల కోసమే ఎల్ఎంఐఏలను వేల డాలర్లకు అమ్ముకునే వ్యాపారం నడిచింది కాబట్టి తీసేయడం మంచిదేనని నేను అనుకుంటాను. కానీ ఆ వార్త గుంటూరు దాకా చేరలేదు. మాస్టర్ ఏ ఆశతో బయల్దేరుతున్నారో ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

ఆయన వచ్చాక మీ బాధ్యత ఇంకా పెరుగుతుంది. ఎల్ఎంఐఏలో రాసిన జీతం, గంటలు, పని ఇవ్వాలి. జనవరిలో గిరాకీ తగ్గిందని 40 గంటలను 25 చేయడం కుదరదు. ఒప్పందం మీద ఇద్దరూ సంతకం చేసి ఆయన దగ్గర ఒక ప్రతి ఉండాలి, ఆయన హక్కుల సమాచారం ఆయనకు ఇవ్వాలి. రికార్డులు ఆరేళ్ళు దాచాలి. ఆ ఆరేళ్ళలో ఎప్పుడైనా, చెప్పకుండా కూడా తనిఖీకి రావచ్చు. వచ్చిన అధికారి మిమ్మల్ని పక్కకు పంపి మాస్టర్‌తో విడిగా మాట్లాడతారు. ఉల్లంఘన తేలితే ఒక్కోదానికి లక్ష డాలర్ల దాకా, ఏడాదికి పది లక్షల దాకా జరిమానా. నిషేధం కొన్నేళ్ళకు కావచ్చు, శాశ్వతం కూడా కావచ్చు. మీ హోటల్ పేరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడతారు. మాస్టర్‌కి కూడా తెలిసి ఉండాల్సింది ఒకటుంది: యజమాని వేధిస్తే, ఆయనతో సంబంధం లేకుండా ఓపెన్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకునే వీలు 2019 నుంచి ఉంది. ఇది మీరే ఆయనకు చెప్తే ఆయనకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు నడిపే మిత్రులు అడుగుతారు కాబట్టి ఒక్క మాట: మీకు గ్లోబల్ టాలెంట్ స్ట్రీమ్ అని వేరే దారి ఉంది, 2017లో వచ్చింది. అందులో కనీస ప్రకటన నిబంధన లేదు, పది పనిదినాల్లో తేల్చాలన్నది లక్ష్యం. బదులుగా ఇక్కడి ఉద్యోగాలకు, శిక్షణకు ఏం చేస్తారో ప్రణాళిక ఇచ్చి దానికి కట్టుబడాలి. హోటళ్ళకు అది వర్తించదు.

ఇక మీ మూడో ప్రశ్న. ఎల్ఎంఐఏ ఒక ఉద్యోగానికి, ఒక చోటికి ఇస్తారు. మిస్సిసాగా చిరునామా మీద వస్తే మాస్టర్ మిస్సిసాగాలోనే పని చేయాలి. నార్త్ బేలో ప్రారంభోత్సవానికి "రెండు వారాలు సాయం చేసి వస్తాడు" అనుకున్నా అది షరతుల ఉల్లంఘనే. లెక్కలు చూసేవాళ్ళు ఆ రెండు వారాల షిఫ్టుల చార్టులోనే పట్టుకుంటారు. రెండు చోట్లా నిజంగా అవసరం ఉంటే దరఖాస్తు పెట్టేటప్పుడే రెండు చిరునామాలు, ఎక్కడ ఎన్ని రోజులన్నది రాయాలి, రెండింటికీ వెతికిన రుజువు చూపించాలి. మీ పరిస్థితిలో ఒక చిరునామా మిస్సిసాగాది కాబట్టి ఆ 6 శాతం నిబంధన మళ్ళీ మీదకొస్తుంది. నార్త్ బే హోటల్ ఎప్పుడు తెరుస్తారో, అద్దె ఒప్పందం అయిందో లేదో, ఇప్పుడు మీ పేరోల్‌లో ఎంతమంది ఉన్నారో రాయండి. అవి తెలిస్తే ఏ చిరునామా మీద వెళ్ళడం నయమో చెప్పగలను.